డల్లాస్‌లో జీన్స్, బాపట్లలో ముసుగు: ఏది క్రైస్తవ పద్ధతి?

సిస్టర్ గారూ, వందనాలు.

మీ ప్రశ్న రెండు మూడుసార్లు చదివాను. మీరు బాపట్ల దగ్గర పల్లెలో ఉంటారు. అమ్మాయి డల్లాస్‌లో ఎమ్మెస్ చదువుతూ, అక్కడ జీన్స్ వేసుకుని, తల మీద ముసుగు లేకుండా, చేతిలో కాఫీ కప్పుతో ఆరాధనలో కూర్చున్న ఫోటో చూసి మీ మనసు కలత పడింది. అబ్బాయి హైదరాబాద్ హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటూ ఏడాదిగా ఏ చర్చికీ వెళ్లడం లేదు. మీ సంఘంలో మాత్రం యవనస్థుల కూడికకు పాతికమంది పిల్లలు తెల్లబట్టల్లో బుద్ధిగా వస్తున్నారు. "ఒకే బైబిలు, ఒకే ప్రభువు, మరి పిల్లలు ఊరికో రకంగా ఎందుకున్నారు, వీళ్లలో ఎవరు సరైన దారిలో ఉన్నట్టు, అమ్మాయిని ఆ చర్చి మానెయ్యమని చెప్పాలా" అని అడిగారు.

నేను పాస్టరును కాను. 1997లో గుంటూరు కాలేజీ హాస్టళ్లలో నలుగురు కుర్రాళ్లతో బైబిలు స్టడీ మొదలుపెట్టి, తర్వాత ఉద్యోగం మీద ఆరేళ్లు కువైట్‌లో, నాలుగేళ్లు టెక్సస్‌లో ఉండి, ఎక్కడున్నా అదే పని చేసినవాణ్ణి. ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఇంట్లోనే శనివారం సాయంత్రం పిల్లలు కూడుతుంటారు. అలా చూసిన దాన్నుంచి చెబుతాను.

ముందు ఒక మాట సూటిగా. నేల మీద చాపలు, ఆడవాళ్లు ఒకవైపు మగవాళ్లు ఒకవైపు, తెల్లబట్టలు, ముసుగు, ఇవన్నీ నాకూ ఇష్టమే, నేను పెరిగిందే అందులో. కానీ అవి సువార్త కాదు, సువార్త మన ఊరికి వస్తే మన ఊరు దానికి కట్టిన బట్టలు. ముసుగు సంగతి కొరింథీ పత్రికలో ఉంది కదా అంటారు, ఉంది, దాన్ని సంఘాలు రకరకాలుగా అర్థం చేసుకున్నాయి, మన జిల్లాలోనే ఒక సంఘంలో నగ పెట్టుకుంటే తప్పు, పక్క వీధి సంఘంలో బొట్టు పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. మన పాత కీర్తనల పుస్తకం తీసి చూడండి, ప్రతి పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారిలాంటి వాళ్లు ఇంగ్లీషు ట్యూన్లు కాదని కర్ణాటక రాగాల్లో యేసుప్రభువు పాటలు కట్టారు. డోర్నకల్‌లో, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారి కాలంలో కట్టిన పెద్ద గుడి 1939లో పూర్తయింది. దాంట్లో హిందూ దేవాలయం పోలికలూ ఉంటాయి, మసీదు పోలికలూ ఉంటాయి. ఇవాళ మనం పాత పద్ధతి, మంచి పద్ధతి అని పట్టుకున్నదంతా ఏదో ఒక తరానికి కొత్తే. కీబోర్డు కూడా అంతే, నా చిన్నప్పుడు మా మందిరంలో హార్మోనియం, తబలా తప్ప ఇంకోటి లేదు.

అలాగని గీతలే అక్కర్లేదని నేను అనను. ఏ గీత ఎందుకు గీశారన్నది చూడాలి. మీ జిల్లా పక్కనే జరిగింది చెబుతాను. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. అక్కడి మిషనరీ క్లౌ దొరగారు విశ్వాసులకు చెప్పిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మతం సంగతుల్లా ఉన్నాయి గానీ, ఊరి మోతుబరి పిలిస్తే ఏ రోజైనా పొలానికి పరుగెత్తాల్సిన మనిషి, గొడ్డు చస్తే ఈడ్చి దాన్నే తిని బతకాల్సిన మనిషి, జాతరకు డప్పు కొట్టాల్సిన మనిషి ఆ మూడూ చేయను అన్నాడంటే అది వెట్టి నుంచి తలెత్తి నిలబడడం. అందుకే ఊరి పెద్దలు వాళ్లను కష్టాలు పెట్టారు. ఆ గీత మనిషిని నిలబెట్టింది. ఇప్పుడు మనం పిల్లలకు గీస్తున్న గీతలు, జీన్స్ వద్దు, జుట్టు అలా వద్దు, ఆ ట్యూన్ వద్దు, వీటితో ఎవరు నిలబడుతున్నారో నాకైతే కనబడదు.

ఇంకొంచెం లోతుకు వెళ్లాలంటే దానియేలు దగ్గరికి వెళ్లాలి. సండే స్కూల్లో సింహాల గుహ ఒక్కటే చెప్పి వదిలేస్తాం గానీ, మొదటి అధ్యాయమంతా పరాయి దేశంలో చదువుకుంటున్న నలుగురు కుర్రాళ్ల కథ. కల్దీయుల భాష నేర్చుకున్నారు, వాళ్ల విద్యలు నేర్చుకున్నారు, చివరికి పేర్లు కూడా మార్చేశారు. దానియేలుకు పెట్టిన బెల్తెషాజరు అనే పేరు తన దేవత పేరు మీద పెట్టిందని బబులోను రాజు నెబుకద్నెజరే నాలుగో అధ్యాయంలో అంటాడు. అంత పేరు పెట్టినా దానియేలు గొడవ చేసినట్టు ఎక్కడా లేదు. గొడవ చేసింది భోజనం దగ్గర, రాజు తినే భోజనంతో తనను అపవిత్రపరచుకోకూడదని "ఉద్దేశించాడు". అది కూడా పెద్దవాళ్లు పక్కన లేని చోట, తన మనసులో తనే. పైగా అధికారితో మర్యాదగా మాట్లాడి, పదిరోజులు పరీక్షించి చూడండి అన్నాడు. మీ అమ్మాయి డల్లాస్‌లో ఉన్నది సరిగ్గా ఈ స్థితిలోనే సిస్టర్. భాష వాళ్లది, బట్ట వాళ్లది, చదువు వాళ్లది. తన గీత తను ఎక్కడ గీసుకుంది అన్నదే అడగాల్సిన మాట, అది ఫోటోలో కనబడదు.

ఈ రెండు పేర్ల సంగతి మన పిల్లలకు పరాయి కథేం కాదు, అందుకే దీన్ని త్వరగా దాటి వెళ్లలేను. గుంటూరులో నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో సగంమందికి రెండు పేర్లుండేవి. మందిరంలో ఒకటి, సర్టిఫికెట్‌లో ఇంకోటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవుడైతే మాత్రం ఆ హోదా పోతుంది, మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్‌లోకి వెళ్లాలి. మతం మారినంత మాత్రాన ఊళ్లో కులం మారిపోతుందా, టీ గ్లాసు మారుతుందా, పేట మారుతుందా? ఇవేవీ మారవు గానీ కాగితం మారుతుంది. అందుకని పదహారేళ్ల పిల్లవాడు ఫారం నింపేటప్పుడు నేనెవరు అని పెన్ను పట్టుకుని ఆగిపోతాడు. ఒక అబ్బాయి హాస్టల్ వరండాలో నన్ను అడిగాడు, "అన్నా, సాక్ష్యం చెప్పమంటారు, ఏ పేరుతో చెప్పాలి?" అని. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. దానియేలు మొదటి అధ్యాయం అతనితో కలిసి చదివాను, అంతే. ఇలాంటి భారం మోసే పిల్లల్ని వేదిక మీంచి "నామకార్థ క్రైస్తవులు" అని తిట్టడం నేను చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ బాధేసింది. ఆ తిట్టే ముందు ఒక్కసారి వాళ్ల పక్కన కూర్చోవాలి.

తిమోతి, తీతుల సంగతి కూడా చూడండి. ఇద్దరూ పౌలుతో పనిచేసిన యువకులు. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు, అంటే ఇంట్లోనే రెండు సంస్కృతులు. పౌలు అతనికి యూదుల ఆచారమైన సున్నతి చేయించాడు. తీతు పూర్తిగా గ్రీకువాడు, అతనికి చేయించాల్సిందేనని కొందరు పట్టుబడితే పౌలు ఒప్పుకోలేదు. మనిషి ఒకడే, రెండు నిర్ణయాలు. యూదుల మధ్యకు వెళ్లి మాట్లాడడానికి తిమోతికి అది అడ్డు తీసేసింది. తీతు విషయంలో అది లేకపోతే నువ్వు దేవుడివాడివి కావు అనే మాట వచ్చింది, అక్కడ తలవంచితే సువార్తే పోతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పెంచిన తల్లిగా మీకు ఇది నాకంటే బాగా అర్థమవుతుంది. బాపట్లలో మీతో మందిరానికి వచ్చినప్పుడు అమ్మాయి ముసుగు వేసుకుంటే అది ప్రేమ, అక్కడివాళ్లను నొప్పించకపోవడం. "ముసుగు లేకపోతే నీ ప్రార్థన దేవుడు వినడు" అని మనం అంటే అది వేరే సువార్త.

కువైట్‌లో నేను నేర్చుకున్నది ఇంకో రకం. అక్కడ సెలవు శుక్రవారం, శనివారం, కాబట్టి ఆరాధన శుక్రవారమే ఎక్కువ. ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి శని ఆదివారాలు సెలవులయ్యాయి గానీ కువైట్‌లో ఇప్పటికీ అంతే. ఒకే ఆవరణలో ఒక హాల్లో అరబ్బీ, పక్క హాల్లో మలయాళం, ఇంకో హాల్లో తెలుగు. మా కూడికకు రాజంపేట వైపు కుర్రాడు ఒకడు వచ్చేవాడు, ఒక ఇంట్లో డ్రైవరు, ఇరవై రెండేళ్లు. శుక్రవారమే వాళ్ల ఇంటివాళ్లు బయట తిరిగే రోజు, అందుకని రెండు నెలలకోసారి వచ్చేవాడు, మిగతా శుక్రవారాలు మాల్ బయట కారులో కూర్చుని ఫోన్లో వాక్యం వినేవాడు. "అన్నా, విశ్రాంతి దినం ఆచరించట్లేదు, పాపం అవుతుందా" అని అడిగాడు. ఊరి నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ మందిరానికి వెళ్లావా అని మొట్టమొదట అడిగేదట, వెళ్లలేదంటే ఏడ్చేదట, అందుకని వెళ్లానని అబద్ధం చెప్పడం మొదలుపెట్టాడు. మంచి తల్లి, మంచి కొడుకు, మధ్యలో అబద్ధం. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, మీ అబ్బాయి సంగతికి మళ్లీ వస్తాను.

హైదరాబాద్‌లో మా ఇంటికి కొన్నాళ్లు ఒక మిజో అమ్మాయి వచ్చేది, పీజీ చదివేది. మిజోరంలో 2011 జనాభా లెక్కల ప్రకారం 87 శాతం క్రైస్తవులు. మా ఊళ్లో చర్చికి వెళ్లనివాళ్లను వింతగా చూస్తారు, ఇక్కడ వెళ్లేవాళ్లను వింతగా చూస్తున్నారు అని నవ్వేది. అక్కడ యువజన సంఘం, పాటల బృందం, పక్కింటివాళ్లు, అందరూ చర్చే. ఇక్కడికి వచ్చాక మొదటిసారి ఆదివారం పొద్దున ఎవరూ లేపకపోతే తను లేస్తుందా లేదా అని తెలుసుకోవాల్సి వచ్చిందట, మూడు నెలలు లేవలేదట. ఆ అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది, వాళ్ల ఆరాధనలో పెద్ద డోలు లేకుండా పాట లేదు, కానీ మొదట్లో మిషనరీలు దాన్ని ఒప్పుకోలేదు, ఉజ్జీవాలు, అంటే విశ్వాసం మళ్లీ రగిలిన రోజులు, వచ్చిన తర్వాతే అది చర్చి లోపలికి వచ్చింది. అది విని మా ఇంట్లో ఉన్న తెలుగు కుర్రాళ్లు చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల తాతలు డప్పు వదిలేసి వచ్చినవాళ్లు. వెట్టి డప్పు వదిలెయ్యడం సరైనదే, కానీ ఇవాళ అదే డప్పు మీద దేవుణ్ణి పాడాలని కొందరు పిల్లలకు ఉంది, కొన్ని సంఘాల్లో మొదలైంది కూడా, నాకు సంతోషం.

డల్లాస్ సంగతికొస్తాను. అక్కడ రెండు రకాల తెలుగు యువత ఉంది, వాళ్లను కలిపి చూడకూడదు. అక్కడే పుట్టిన పిల్లలు ఒకరకం. తెలుగు చర్చిలో పాట తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తే చదువుకుంటూ పాడతారు, అర్థం సగం తెలియదు. పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు నాతో అన్నమాట ఇప్పటికీ మర్చిపోలేను: "అంకుల్, ఇంట్లో తెలుగులో తిడతారు, చర్చిలో తెలుగులో ప్రార్థిస్తారు, నాకు రెండూ ఒకేలా వినిపిస్తాయి." అమెరికాలోని కొరియా సంఘాలకు ఇదే కష్టం మనకంటే ముందే వచ్చింది, రెండో తరం పిల్లలు గొడవ చేయకుండా, చెప్పకుండా, కాలేజీకి వెళ్లగానే జారిపోయారు, దానికి వాళ్లు 1990ల్లోనే నిశ్శబ్ద నిష్క్రమణ అని పేరు పెట్టుకున్నారు. మనవాళ్లు దాన్ని చూసి నేర్చుకోవచ్చు, కొన్ని సంఘాలు పిల్లలకు ఇంగ్లీషు ఆరాధన విడిగా పెట్టాయి కూడా. పెట్టినప్పుడు దాన్ని పక్కగదిలో కాకుండా, పిల్లలకే బాధ్యత ఇచ్చి పెట్టిన చోట వాళ్లు నిలబడడం చూశాను.

రెండో రకం మీ అమ్మాయిలాంటి వాళ్లు. వాళ్ల జీవితం బయటికి ఫోటోల్లో కనిపించేంత తేలిక కాదు. లోన్ వడ్డీ, పార్ట్‌టైమ్ షిఫ్టు, చదువవగానే ఉద్యోగం దొరకాలన్న టెన్షన్, హెచ్-1బి లాటరీలో పేరు వస్తుందా రాదా అన్న భయం. ఇంటికి చెప్పుకోలేరు, చెబితే మీరు నిద్రపోరని వాళ్లకు తెలుసు. అక్కడి చాలా చర్చీలు కొత్తగా వచ్చిన విద్యార్థులకు పరుపు, కుర్చీ, బల్ల ఇస్తాయి, కారు లేనివాళ్లను సరుకులకు తీసుకెళ్తాయి. ఆ కాఫీ కప్పు అక్కడ చనువుకు గుర్తు, అగౌరవానికి కాదు, మన దగ్గర చెప్పులు బయట విడవడం ఎలా గౌరవమో అలా వాళ్లకు ఉన్నవాడు ఉన్నట్టు రావడం ఒక మర్యాద. అక్కడ లోటు లేదని కాదు. గంటా పదినిమిషాల్లో ఆరాధన ముగించి వెళ్లిపోయే అలవాటు, నాకు నచ్చితేనే ఉంటాను అనే ధోరణి, ఒకరి పాపం ఇంకొకరు అడగకపోవడం, ఇవి ఆ సంస్కృతి జబ్బులు. మన సంఘాల్లో ఉపవాస ప్రార్థనలో పక్కింటి పిల్లవాడి జ్వరం కోసం మోకాళ్ల మీద ఏడ్చే ముసలమ్మలు అక్కడ తక్కువ. మీ అమ్మాయి ఆ కన్నీళ్లు చూసి పెరిగింది, అది తనలో ఉంది, అక్కడివాళ్లకు తను ఇవ్వగలిగిందీ అదే.

ఇప్పుడు మన పద్ధతి గురించి ఒక కఠినమైన మాట చెప్పకపోతే నేను నిజాయితీగా ఉన్నట్టు కాదు. అమ్మాయి పెట్టుకునే బొట్టును మనం "లోకం" అన్నాం, ఆ అమ్మాయి పెళ్లికి అడిగే కట్నాన్ని "ఆచారం" అన్నాం. 1961 నుంచి చట్టం ప్రకారమే అది నేరం, అయినా పాస్టరుగారి ప్రార్థనతో మొదలైన నిశ్చితార్థాల్లో లెక్క మాట్లాడడం నేను కళ్లారా చూశాను. క్రైస్తవ సంబంధాల ప్రకటనలు చూడండి, మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్, రెడ్డి క్రిస్టియన్ అని ఉంటుంది. క్రీస్తులో అందరూ ఒక్కటే అని చెప్పే గలతీ 3:28 మాత్రం గోడ మీద ఉంటుంది. పిల్లలు ఇది చూస్తున్నారు సిస్టర్. వాళ్లు ఏ దేశంలో ఉన్నా సువార్త నిజమా అని తూచేది ఇక్కడే, గిటారు దగ్గర కాదు. ఇద్దరు విశ్వాసుల పిల్లలు ఇష్టపడితే కులం పేరుతో విడదీసి, ఆ ఇద్దర్నీ సంఘానికి దూరం చేసిన పెద్దలు, తర్వాత యవనస్థులు చల్లారిపోయారని ఉపవాసాలు ప్రకటించడం నేను చూశాను. గీత గట్టిగా గీయాల్సింది ఇక్కడ.

ఇక మీ అబ్బాయి. ఎందుకు మానేశాడో మీరు రాయలేదు, బహుశా మీకూ చెప్పి ఉండడు. నేను చూసిన కారణాలు చాలా. కొందరికి ఆదివారం ఒక్కటే నిద్రపోయే రోజు. కొందరు వేలమంది వచ్చే చర్చికి ఏడాది వెళ్లినా ఒక్కరూ పేరు అడగలేదు. పరీక్షల ముందు హాల్ టికెట్ల మీద చేతులుంచి "నువ్వు తలగా ఉంటావు" అని ప్రార్థించారు, ఫెయిలైతే దేవుడు నన్ను వదిలేశాడనుకున్న పిల్లలు ఉన్నారు. కొందరికి ప్రశ్నలున్నాయి, అడిగితే అవిశ్వాసం అన్నారు. 2003లో నేనే ఒక పని చేశాను. బాగా పాడే అబ్బాయి జుట్టు పెంచుకుని వస్తే, కత్తిరించుకుని వస్తేనే మైకు ఇస్తానన్నాను, అందరి ముందు. అతను నవ్వి, సరే అన్నా అని వెళ్లాడు. మళ్లీ రాలేదు. తర్వాత వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ అడిగాను, క్షమించాడు, టీ కూడా ఇప్పించాడు, కానీ పాడడం మానేశాడు. కొలొస్సయి పత్రికలో "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అని ఉంది కదా, అప్పటినుంచి ఆ వాక్యం నాకే రాసినట్టు చదువుకుంటాను.

కాబట్టి అబ్బాయికి ఫోన్ చేసినప్పుడు చర్చికి వెళ్లావా అని ముందుగా అడగొద్దు. కువైట్ అబ్బాయిలాగా అబద్ధం నేర్చుకుంటాడు. వీలైతే ఒక ఆదివారం హైదరాబాద్ వచ్చి వాడి దగ్గర ఉండండి, వండి పెట్టండి, వాడు మాట్లాడేవరకు ఆగండి. ప్రశ్న ఏదైనా అడిగితే జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి, పిల్లలు దానికి గౌరవిస్తారు. మా ఇంట్లో శనివారం కూడిక సంగతి వాడికి మీరు చెప్పొద్దు, ఇష్టమైతే నా నంబరు మీ దగ్గర ఉంచుకుని వాడు అడిగినప్పుడు ఇవ్వండి, నంబరు విడిగా మెసేజ్‌లో పంపుతాను.

అమ్మాయిని మాత్రం ఇప్పుడే ఆ చర్చి మానెయ్యమనొద్దు. సోమవారం పొద్దున ఫోన్ చేయండి, అక్కడ ఆదివారం రాత్రి అవుతుంది, తీరిగ్గా ఉంటుంది. బట్టల మాట ఎత్తకుండా, ఈరోజు ఏ వాక్యం చెప్పారు అని అడగండి. తర్వాత, రాత్రి పన్నెండుకు జ్వరం వస్తే ఆ చర్చిలో ఎవరికి ఫోన్ చేస్తావమ్మా అని అడగండి. ఇద్దరు ముగ్గురి పేర్లు గబగబా చెప్పిందంటే ఆ పేర్లు రాసుకుని రోజూ వాళ్ల కోసం ప్రార్థించండి. పేరు ఒక్కటీ రాకపోతే నాకు చెప్పండి, ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు నాకు తెలిసిన కుటుంబాలున్నాయి, వచ్చే శనివారం భోజనానికి పిలవమంటాను.